మ్రింగెడు కెమేరా



గడచిన నెలలో సిద్దిపేటనుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. పేరు వ్రాయలేదు; వ్రాసియున్నను మే మిచట వెల్లడింపము. ఆమె మాటల సారాంశ మిది: "నాకు నలువదియెనిమిది యేండ్లు. ఆరు మాసములనుండి మలముతో నప్పుడప్పుడు రక్తము పడుచున్నది. మొలలనుకొని కారము మానితిని. మజ్జిగ యెక్కువగా ద్రాగుచున్నాను. ఇంట నెవ్వరికిని జెప్పలేదు. డాక్టరు కడకు బోయినచో వెనుకనుండి గొట్టము వేసి చూతురట. ఆ మాట తలచుకొన్ననే నాకు బ్రాణము చచ్చిపోవుచున్నది. మొన్న మా అమ్మాయి ఊసుపోకకు ఫోనులో నొక వింత చూపినది. మాత్రవంటి కెమేరాను మ్రింగినచో నది కడుపులోని ఫొటోలన్నియు దీయునట. ఇది నిజమా? నిజమైనచో నది మా యూరికి వచ్చువరకు నాగియుండెదను."

ఈ జాబులోని కడపటి వాక్యము మమ్ము మిక్కిలి కలతపెట్టినది. కెమేరా సంగతి నిజమే. ఆగియుండుట మాత్రము తగదు. ఈ రెండు మాటలను విడమరచి చెప్పుటకే యీ నెల మన యారోగ్య ప్రసంగమును వినియోగించుచున్నాము. ఆ సోదరికొఱకే కాదు, ఆమెవలెనే నోరు విప్పక యూరకున్న తల్లు లందఱికొఱకును వ్రాయుచున్నాము.

మొదట రోగమునుగూర్చి తెలిసికొందము. పెద్దప్రేగు ఇంచుమించు అయిదడుగుల పొడవుగల మెత్తని గొట్టము. దాని లోపలి పొరమీద గొందఱికి జిన్న మొటిమలవంటి పెరుగుదలలు పుట్టును. వానిని వైద్యులు పాలిప్పులందురు. వానిలో బెక్కులు హాని చేయవు. కొన్ని మాత్రము మెల్లమెల్లగా బెరిగి, సామాన్యముగా బదియేండ్లో అంతకు మించియో గడచినపిమ్మట, మన పెద్దలు రాచపుండని భయపడుచు వచ్చిన క్యాన్సరుగా మారును. 2020 సంవత్సరమున లోకమంతట 19 లక్షలకు పైగా జనులకు బెద్దప్రేగు, ఆసనప్రేగు క్యాన్సరు క్రొత్తగా గనబడినదనియు, 9 లక్షల 30 వేలకు మించి మరణించిరనియు బ్రపంచారోగ్యసంస్థ లెక్క చెప్పుచున్నది. పాశ్చాత్య దేశములతో బోల్చినచో మనదేశమున నీ రోగము తక్కువే. తక్కువ యనగా లేదని యర్థము కాదు.

ఈ రోగములో నొక మంచి కలదు. అది మెల్లగా నడచును. పాలిప్పుగా నున్నప్పుడే కనుగొని తీసివేసినచో క్యాన్సరు పుట్టకయే పోవును. తొలిదశలో బట్టుకొన్నను గుదురుటకు మంచి యవకాశము కలదు. ఇంతటి గడువునిచ్చెడు రోగములు మిక్కిలి యరుదు. కాని యా గడువును మన సిగ్గు తినివేయుచున్నది.

రక్తము పడిన వారందఱికిని క్యాన్సరే యని మే మనము. చాలమందిలో నది మొలలవలననో, ఆసనమువద్ద జీలికవలననో వచ్చును. అయితే మొలలనుండి వచ్చు రక్తమును, పుండునుండి వచ్చు రక్తమును కంటితో జూచి వేఱుపఱచుట యెవ్వరికిని సాధ్యముకాదు. మొలలున్న మనుష్యునకు లోపల బాలిప్పుగూడ నుండవచ్చును. కావున "ఇవి మొలలే" యను తీర్పును వైద్యుడు పరీక్షించి చెప్పవలెను గాని మనము స్నానాల గదిలో నిలుచుండి చెప్పుకొనరాదు.

ఇక కెమేరా కథ. మనుష్యుని కడుపులోనికి దొంగిచూడవలెనను కోరిక వైద్యులకు జాలకాలమునుండి కలదు. 1868లో జర్మనీదేశమున ఆడాల్ఫ్ కుస్‌మాల్ అను వైద్యుడు గొట్టముద్వారా జీర్ణాశయమును జూడదలచి, కత్తులు మ్రింగెడు గారడివాని సాయము గైకొనెను. మామూలు మనుష్యుడు మ్రింగజాలని గట్టి గొట్టమును వాడు మ్రింగగలడు గదా! పిమ్మట వంగెడు గొట్టములు వచ్చినవి. 1969లో న్యూయార్కు నగరమున విలియం ఉల్ఫ్, హిరోమీ షిన్యా యను వైద్యులు పెద్దప్రేగులోనికి బంపిన గొట్టముతోనే పాలిప్పును గత్తిరించి తీసిరి. అంతకుముందు దానికై కడుపు కోయవలసి వచ్చెడిది. మన సోదరి భయపడుచున్న కొలనోస్కోపీ యను గొట్టపు పరీక్ష యిదియే. ఆ గొట్టమువలన నెందఱి కడుపులు కోతనుండి తప్పినవో తలచినచో దానిపై గొంత గౌరవము గలుగును.

మ్రింగెడు కెమేరాను గల్పించినవాడు వైద్యుడు కాడు. ఇజ్రాయేలుదేశమున యుద్ధశాఖకు సంబంధించిన పనిలో నున్న గాబ్రియేల్ ఇడాన్ అను నింజనీరు. గుఱిని జూచుకొనుచు బోయెడు క్షిపణులకు గన్నులమర్చుట యాయన విద్య. 1981లో అమెరికాలో నున్నప్పుడు ఏతాన్ స్కాపా యను జీర్ణకోశ వైద్యుడు ఆయనకు బొరుగున నుండెను. చిన్నప్రేగులోని రోగమును జూచు సాధనము లేక తాము పడుచున్న యవస్థను ఆ వైద్యుడు మాటలసందర్భమున జెప్పెను. పొరుగువారి మాటనుండి పుట్టిన యా యాలోచన చాలయేండ్లు నలిగి, 1999లో ఇంగ్లండు వైద్యుడు పాల్ స్వేన్ స్వయముగా గుళికను మ్రింగునంతవరకు వచ్చెను. 2000 సంవత్సరమున 'నేచర్' పత్రికలో నీ వృత్తాంతము ప్రకటింపబడినది. 2001లో అమెరికా ప్రభుత్వము చిన్నప్రేగు పరీక్షకు దీని ననుమతించెను. పెద్దప్రేగుకొఱకు వేఱుగా జేసిన గుళిక 2006లో ఐరోపాలో వాడుకకు వచ్చెను.

ఆ గుళిక యెట్లుండునో వినుడు. పొడవు మూడు సెంటీమీటర్లకు గొంచెమెక్కువ; లావు పదునొకండు, పండ్రెండు మిల్లీమీటర్లు. పెద్ద మందుబిళ్లకంటె గొంత పెద్దది. రెండు కొనలయందును గెమేరాలును, చిన్న దీపములును, నడుమ బ్యాటరీయు నుండును. మ్రింగిన పిమ్మట ప్రేగులు తమ సహజమైన కదలికతో నన్నమును నడపినట్లే దానిని ముందునకు నడపును. అది వేగముగా బోవునప్పుడు సెకనుకు 35 వఱకును, నిదానించినప్పుడు నాలుగును ఫొటోలు దీయును. పొట్టకు నంటించిన పట్టీలద్వారా యవి నడుమునకు గట్టుకొన్న పెట్టెలో జేరును. నొప్పి లేదు, మత్తుమందు లేదు, గాలి నింపుట లేదు. పరీక్ష జరుగుచుండగా గుర్చుండవచ్చును, నడువవచ్చును. తుదకు గుళిక మలముతో బయటపడును. దానిని మరల వాడరు. పిమ్మట వైద్యుడు ఆ ఫొటోలన్నిటిని గంప్యూటరుమీద జూచి ఫలితము చెప్పును.

ఇంతవరకు విని "ఇంకేమి, ఇదే చాలును" అని మీరనవచ్చును. కొంచె మాగుడు. సిద్దిపేట సోదరీమణులకు గొల్లభామ చీరలు కొత్తవి కావు. అంగడిలో నట్టి చీర కొనునప్పుడు మీరేమి చేయుదురు? మడతలో నున్నదానిని జూచి డబ్బిచ్చివత్తురా? మడత విప్పించి, వెలుతురులో బఱపించి, అంచునుండి కొంగువఱకు జేయి వేసి చూతురు. పెద్దప్రేగుగూడ మడతలు మడతలుగా నుండును. కొలనోస్కోపీలో గాలి నింపి యా మడతలు విప్పుదురు. అంటుకొన్న మురికిని నీటితో గడిగి చూతురు. గుళికకు జేతులు లేవు. అది మడత విప్పజాలదు, మురికి కడుగజాలదు, వెనుకకు మరలి మరియొకమారు చూడజాలదు. దారిలో గనబడినదానిని మాత్రమే చూచును.

అందుచేతనే గుళిక పరీక్షకు ముందు ప్రేగును గడుగుట కొలనోస్కోపీకంటెను గట్టిగా జేయవలెను. ముందుదినము జొన్నరొట్టె, అన్నము, కూరలు, పాలు, మజ్జిగ యన్నియు మానవలెను. వడగట్టిన పలుచని కట్టు, కొబ్బరినీళ్లు, పాలులేని తేనీరువంటి స్వచ్ఛమైన ద్రవములే పుచ్చుకొనవలెను. విరేచనపు పొడిని లీటర్లకొలది నీటిలో గలిపి యిత్తురు. దానిని విడతలుగా ద్రాగవలెను. గుళిక మ్రింగిన తరువాతను, అది త్వరగా సాగుటకై, మరల విరేచనమందు త్రాగింతురు. రక్తహీనతకై యినుపమాత్రలు వాడువారు కొన్నిదినములు ముందుగా మానవలసియుండును. చక్కెరరోగమునకు గాని, రక్తము పలుచబడుటకు గాని మందులు వాడువారు వైద్యునడుగక తమంత దాము మానను రాదు, వాడను రాదు. ఈ కడుగుట సరిగా జరుగనిచో నంతటి వెలగల కెమేరాయు జీకటిలో బోయిన దీపమగును.

అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి. గుళిక కన్ను మాత్రమే. పాలిప్పు కనబడినచో దానిని దీయలేదు. అనుమానముగల చోటనుండి పరీక్షకై చిన్నముక్క తెంపనులేదు. అప్పుడు గొట్టపు పరీక్షకే పోవలయును. ప్రేగు కడుగుట మరల చేయవలసి రావచ్చును. కొలనోస్కోపీలో నైనచో జూచిన కన్నే తీసిన చేయియు నగును. ఒకే పూటతో బని ముగియును.

చూపులోను గొఱతలు లేకపోలేదు. 2009లో ఐరోపాలోని వైద్యులు 328 మందికి మొదటితరపు గుళికతోను, గొట్టముతోను రెండు విధముల బరీక్షచేసి ఫలితములను బ్రకటించిరి. గొట్టముతో గనబడిన 19 క్యాన్సర్లలో గుళిక 14 మాత్రమే పట్టుకొన్నది. తక్కిన అయిదును దాని కంటబడలేదు. తరువాత వచ్చిన రెండవతరపు గుళిక యింతకంటె మేలైనది. అయినను 2014లో అమెరికా ప్రభుత్వము దానికిచ్చిన యనుమతి, గొట్టపు పరీక్ష మొదలిడి పూర్తిచేయలేకపోయినవారికి మాత్రమే. 2016లో, రక్తము పడుచున్నవారిలో గొట్టమువలనగాని మత్తువలనగాని విశేషమైన యపాయముగలవారికి దానిని విస్తరించిరి. ఇంగ్లండులో 2021లో, కరోనా కాలమున నిలిచిపోయిన పరీక్షల యొత్తిడి దీర్చుటకై, 11 వేలమందికి నీ గుళిక నిచ్చుటకు బూనుకొనిరి. ఆగియున్నవారిని త్వరగా జూచుటకే యా యేర్పాటు; గుళిక వచ్చువఱకు వారిని ఆపియుంచుటకు గాదు.

మనదేశమున విశేషముగా జూచుకొనవలసిన జాగ్రత్త యొకటి కలదు. మనలో గొందఱికి బ్రేగులకు క్షయ సోకి, మానిన చోట నిఱుకు లేర్పడును. అట్టి యిఱుకులో గుళిక చిక్కుకొనినచో దానిని దీయుటకు శస్త్రచికిత్స కూడ నవసరము కావచ్చును. కావున పూర్వము క్షయ వచ్చినదా, కడుపు కోత జరిగినదా, తిన్నపిమ్మట కడుపుబ్బి మెలిపెట్టునట్టి నొప్పియు వాంతియు గలుగుచున్నవా యను ప్రశ్నలకు దాచక యుత్తరము చెప్పవలెను. మ్రింగుట కష్టమైనవారును, గుండెకు పేస్‌మేకరు గలవారును, గర్భవతులును ముందుగా దెలియజేయవలెను. గుళిక బయటపడినట్లు నిశ్చయమగువఱకు ఎం.ఆర్.ఐ. పరీక్ష చేయించుకొనరాదు.

"ఈ గుళిక మనకు దొరకునా?" యని మీరడుగుదురు. మనకు దగ్గఱలోనే, హైదరాబాదున డాక్టరు డి. నాగేశ్వరరెడ్డిగారు స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ జీర్ణకోశ వైద్యమున లోకప్రసిద్ధి గాంచినది. 2025లో భారతప్రభుత్వ మాయనను బద్మవిభూషణ బిరుదముతో గౌరవించినది. కారణము తెలియని ప్రేగు రక్తస్రావమున గుళిక పరీక్ష యెంతవరకు బనికివచ్చునో చర్చించుచు, ఆయనయు నాయన సహవైద్యుడును 2007లోనే యొక వైద్యపత్రికలో వ్యాసము ప్రకటించిరి. అనగా నీ విద్య తెలుగువారికి నిన్న మొన్న వచ్చినది కాదు. చిన్నప్రేగును జూచుటకు దీనికి సాటి సాధనము లేదు; అది దాని నిజమైన రాజ్యము. పెద్దప్రేగువిషయమున మాత్ర మది గొట్టమునకు సాయము, గొట్టము సాధ్యముకానప్పుడు మాఱు. వెలయు నెక్కువ.

ఇక మన సోదరి చేయవలసిన పని. సిద్దిపేటలో 2018లో బ్రభుత్వ వైద్య కళాశాల యేర్పడినది. మొదటి పరీక్షకు హైదరాబాదునకు బరుగెత్త నక్కఱలేదు. ఊరిలోనే వైద్యునిగాని, వైద్యురాలినిగాని కలిసి యున్నదున్నట్లు చెప్పవలెను. ఆడ డాక్టరునే కోరుటలోను, పక్కన నొక నర్సు గాని తనవారు గాని యుండవలెనని యడుగుటలోను దప్పులేదు. ఆసనమును వ్రేలితో బరీక్షించుట, రక్తములో హీమోగ్లోబిన్ చూచుట మొదటి మెట్లు. కొలనోస్కోపీ యవసరమని చెప్పినచో దానికి సిద్ధపడవలెను. అచ్చట రోగిని నగ్నముగా బరుండబెట్టుదురను భయము వ్యర్థము. వేఱు వస్త్రమిచ్చి, మీద దుప్పటి కప్పి, కావలసినవారికి మత్తుమందిచ్చి, సామాన్యముగా నరగంటలోనో, కొంచెమధికముగనో ముగింతురు. హైదరాబాదునకు బొమ్మనినచో నూరు కిలోమీటర్ల దూరము. 2023 అక్టోబరు 3వ తేదీన సిద్దిపేటనుండి సికిందరాబాదునకు రైలును ప్రారంభమైనది. అయితే విరేచనమందు త్రాగి రైలు గాని బస్సు గాని యెక్కరాదు. ముందుదినమే పోయి, బంధువులయింటనో, ఆస్పత్రికి దగ్గఱగానో బసచేసి, అచ్చటనే మందు పుచ్చుకొనుట మేలు.

రక్తము కంటబడని తక్కిన సోదరీమణులకును గొన్ని మాటలు. మలము తారువలె నల్లబడుట, విరేచనముల తీరు కొన్నివారములుగా మాఱియుండుట, కారణములేక బరువు తగ్గుట, రక్తహీనత కలుగుట — వీనిలో నేదియున్నను వైద్యుని జూడవలెను. ముట్టు నిలిచిన స్త్రీకి రక్తహీనత కనబడినచో "ఆడవారికిది మామూలే" యని యినుపమాత్రలతో సరిపెట్టుకొనరాదు. రక్తమెక్కడ పోవుచున్నదో వెదకవలెను. తల్లికిగాని, తండ్రికిగాని, తోబుట్టువులకుగాని యీ రోగము వచ్చినవారు మఱింత ముందుగా వైద్యునడుగవలెను. ఏ బాధయు లేనివారికొఱకు మలమును గొంచెము పుల్లతో దీసి, అందు గంటికి గనబడని రక్తమున్నదేమో చూచు చౌకయైన పరీక్ష కలదు. అమెరికాలో 2021నుండి నిట్టి పరీక్షలను నలువదియైదవయేట మొదలిడవలెనని సలహా యిచ్చుచున్నారు. కాని రక్తము కంటికే కనబడుచున్నవారికి ఆ పరీక్షతో బనిలేదు. వారు నేరుగా వైద్యునొద్దకే పోవలెను.

కడపట నింటివారికి నొక మాట. మన యిండ్లలో నాడది యందఱికి వడ్డించినపిమ్మట గుర్చుండి తినును. అందఱి జ్వరములు కనిపెట్టి, తన జ్వరమును గొంగున గట్టుకొని తిరుగును. ఆమె "ఒంట్లో బాగులేదు" అనునప్పటికి బాగులేక చాలదినము లయి యుండును. ప్రేగు కడుగు దినమున ఆమె పొయ్యియొద్ద నిలువజాలదు. ఆ రెండు దినములును వంట మఱియొకరు చేయుడు. మరుగుదొడ్డి యామెకు విడువుడు. వెంట దోడుగా బొండు. గుళిక దొరకినను, గొట్టమే గతియైనను, ఈ సాయము లేక యే పరీక్షయు సాగదు.

సిద్దిపేట సోదరీ! ఆ కెమేరా గొప్పదే. ఒకనాడు మన సిగ్గును గాపాడుచునే మన ప్రాణమును గాపాడునంతటిది కావచ్చును. కాని నీవు నోరు విప్పనిదే యది నీ నోటిలోనికి రాదు. డాక్టరు వ్రాసియిచ్చిన పిమ్మటనే గదా మ్రింగవలెను! ఆరు మాసములు పోయినవి. ఏడవ మాసము రానీయకుము. ఊసుపోకకు నీకా వింత చూపిన నీ కూతురినే రేపు ప్రక్కన గూర్చుండబెట్టుకొని నీ సంగతి చెప్పుము. ఆ బిడ్డయే నిన్ను వెంటబెట్టుకొని పోవును. వైద్యుడు మొలలే యని చెప్పినచో నీకు నిద్రపట్టును. మఱేదైన నైనచో సమయమునకు దెలిసినదగును. ఏ సంగతియు మాకు మరల వ్రాయుము. పేరు వ్రాయకున్నను గుర్తించెదము.